పీహెచ్‌డీకి పొలం అమ్మక్కర్లేదు

పోయిన నెల ఒక ఆర్టీసీ కండక్టరు గారు కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చారు. అమ్మాయి జిల్లా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసింది. మార్కులు 71 శాతం. చేతిలో జిప్పు ఫైలు. నేను ఆ అమ్మాయిని అడిగిన ప్రతి ప్రశ్నకూ నాన్నే జవాబిచ్చారు. "పరిశోధనలూ అవీ ఉన్నోళ్లకు సార్. మాలాంటోళ్లం ఇంకో ఐదేళ్లు కూర్చోబెట్టి చదివించగలమా? గ్రూప్స్ కోచింగ్‌లో వేద్దామనుకుంటున్నా." ఫీజెంత అంటే, హాస్టల్‌తో కలిపి లక్షన్నర అన్నారు. అడ్వాన్సు ఐదు వేలు అప్పటికే కట్టేశారట.

ఆయన లెక్క తలకిందులుగా ఉంది. డబ్బు కట్టి చదవాల్సింది గ్రూప్స్ కోచింగ్. సైన్సులో పీహెచ్‌డీకి మనకే డబ్బిస్తారు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత మూడేళ్లు 42,000. 2023 జనవరి నుంచి ఇదే రేటు. ఐదేళ్లకు కూడితే 24 లక్షలు, ఇంటి అద్దె భత్యం అదనం. కాగితం మీద వేసి చూపించాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

మామూలు జేఆర్‌ఎఫ్‌తో పాటు వెనుకబడిన వర్గాల పిల్లలకు విడిగా జాతీయ ఫెలోషిప్‌లున్నాయి. ఏడాదికి ఎస్సీల్లో 2000 మందికి, ఓబీసీల్లో 1000 మందికి, ఎస్టీల్లో 750 మందికి. సైన్సు పిల్లలకు ఎస్సీ, ఓబీసీ ఫెలోషిప్‌లు సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష ద్వారా వస్తాయి. ఎస్టీ ఫెలోషిప్ గిరిజన వ్యవహారాల శాఖది, పీజీ మార్కుల మెరిట్ మీద ఇస్తారు. నెట్ రాయడానికి ఈ వర్గాల వారికి ఎమ్మెస్సీలో 50 శాతం చాలు. అర్హతల సంగతి ఇంతే.

అప్పుడు మొదటిసారి ఆ అమ్మాయి నోరు విప్పింది. "కోటా ఫెలోషిప్‌తో వెళ్తే ల్యాబ్‌లో చిన్నచూపు చూస్తారంట కదా సార్?" ఎవరు చెప్పారమ్మా అంటే, క్లాసులో అంటారంది. చూసేవాళ్లు లేరని అబద్ధం చెప్పను. కానీ తన ఫెలోషిప్ తాను తెచ్చుకున్న విద్యార్థి గైడుకు బరువు కాదు, ఆ స్టైపెండు ప్రాజెక్టు గ్రాంటులోంచి తీయక్కర్లేదు. 1913లో అంబేడ్కర్ కొలంబియా వెళ్లింది బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్‌తోనే. దాన్ని భిక్ష అనగలమా?

అంబేడ్కర్ కథలో ఇంకో సంగతి కూడా ఉంది, పిల్లలు గుర్తుపెట్టుకోవాల్సింది. 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. కొలంబియా తర్వాత చేరిన లండన్ చదువు సగంలో వదిలేసి తిరిగొచ్చారు, మళ్లీ వెళ్లగలిగింది 1920లో. ఇప్పటికీ ఫెలోషిప్ ఐదేళ్లకు ఆగిపోతుంది, థీసిస్ మాత్రం ఆగదు. అందుకే ఫెలోషిప్ కంటే ముందు ల్యాబ్ గురించి ఆరా తీయమంటాను. గైడును అడగొద్దు, ఆ ల్యాబ్‌లోని సీనియర్లను క్యాంటీన్‌లో పట్టుకొని అడగండి. ఎన్నేళ్లకు థీసిస్ ఇచ్చారు? సగంలో వెళ్లిపోయినవాళ్లెందరు? గొప్ప పేరున్న చోట ఏడేళ్లు నలిగేకంటే, మనిషిని మనిషిగా చూసే గైడు దగ్గర ఐదేళ్లలో బయటపడటం మేలు.

డబ్బు నెలనెలా ఒకటో తారీఖున పడుతుందనుకోవద్దు. మూడు నెలలు, ఆరు నెలలు ఆగి ఒక్కసారి పడటం మామూలే. మొదటి బకాయి అందగానే ఇంటికంతా పంపేయకుండా నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి. తల్లిదండ్రులకూ నా మనవి, ఆ స్టైపెండును చూసి తమ్ముడి బైకుకు ఈఎంఐ పెట్టకండి. పథకాలకు పథకాలే ఎత్తేయడమూ ఉంటుంది. మైనారిటీల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేశారు. ఒక్క పథకాన్నే నమ్ముకొని కూర్చోకుండా నెట్, గేట్ రెండూ రాయండి.

నెట్ కోచింగ్ సంగతికి వస్తే నాకు ఓపిక తక్కువ. ఆ సిలబస్ మీ ఎమ్మెస్సీ సిలబస్సే. పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఆరు నెలలు పాఠ్యపుస్తకం ముందేసుకొని లెక్కలు చేసినవాళ్లకు వచ్చింది, ఏడాది పాటు పీడీఎఫ్‌లు పోగేసినవాళ్లకు రాలేదు. ఇంకా ప్రమాదం ప్రైవేటు యూనివర్సిటీల పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. లక్షలు కట్టించుకుంటారు. ఈ ఫెలోషిప్‌లు రెగ్యులర్, ఫుల్‌టైమ్ వాళ్లకే వస్తాయని మాత్రం చెప్పరు. అమెరికాలో "డైవర్సిటీ ఫెలోషిప్" ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలూ ఉన్నాయి. అక్కడి ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ ఆ దేశ పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. కానీ అక్కడా సైన్సు పీహెచ్‌డీకి చాలాచోట్ల ఫీజు మాఫీ చేసి స్టైపెండు ఇస్తారు. అప్పుచేసి వెళ్లేది ఎమ్మెస్‌కే.

ఆ అమ్మాయి జిప్పు ఫైలు తెరిచి చూశాను. మీసేవలో తీసుకున్న బీసీ-డీ సర్టిఫికెట్ ఉంది. అది రాష్ట్రానిది, ఇక్కడ పనికిరాదు. కేంద్ర ఫార్మాట్‌లో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరే కావాలి, ఎప్పటికప్పుడు కొత్తది. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు కాబట్టి ముందు అది చూసుకోవాలి. పైగా పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనకుంది. పరీక్ష పాసై కూడా ఇలాంటి అక్షరాల దగ్గర నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

వెళ్లబోతూ నాన్న ఒక మాటన్నారు: "అయ్యేసరికి దీనికి ఇరవై ఎనిమిదొస్తాయి సార్." గ్రూప్స్‌కు రెండు నోటిఫికేషన్లు ఎదురుచూసినా అంతే వయసొస్తుందన్నాను. పెళ్లి అడ్డం కాదు, పెళ్లి పేరుతో మానిపించడమే అడ్డం. విరామం తర్వాత తిరిగొచ్చే మహిళా శాస్త్రవేత్తల కోసం కూడా కేంద్రం వైజ్-కిరణ్ పథకం నడపాల్సి వస్తోందంటే ఎంతమందిని మానిపించారో అనుకోండి.

మొన్న ఆయనే ఫోన్ చేశారు. అమ్మాయి నెట్‌కు దరఖాస్తు పెట్టిందట, తహసీల్దారు ఆఫీసుకు మూడుసార్లు తిరిగి కేంద్ర సర్టిఫికెట్ తీసుకున్నారట. కోచింగ్ సెంటర్‌కు కట్టిన ఐదు వేలు మాత్రం తిరిగి రాలేదు.