కాగితం మీద నువ్వే కంప్యూటర్‌వి

గుంటూరు,
డిసెంబరు 20.

చిరంజీవి బుజ్జికి,


నిన్న ఫోన్లో నువ్వన్న మాట రాత్రంతా నా చెవుల్లోనే ఉంది. "పుస్తకం చూస్తుంటే అన్నీ వచ్చినట్టే ఉంటాయి పెద్దమ్మా, తెల్లకాగితం ముందు కూర్చుంటే ఒక్కటీ రాదు" అన్నావు. ఇరవై రెండేళ్లు బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పినదాన్ని. ఏటా డిసెంబరు వచ్చేసరికి ఎవరో ఒకరు నా దగ్గరికొచ్చి ఇదే మాట అనేవాళ్లు. ఫోన్లో రెండు ముక్కలు చెబితే సరిపోయేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మీ అమ్మ సంక్రాంతికి 21 చుక్కల ముగ్గు వేస్తుంటే పక్కన నిలబడి చూస్తావు కదా. చూస్తున్నంతసేపూ నీకూ వచ్చేసినట్టే ఉంటుంది. పిండి నీ చేతికిస్తే రెండో మెలిక దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. ప్రోగ్రామూ అంతే. కంటికి తెలిసింది చేతికి తెలియాలంటే చెయ్యే పని చెయ్యాలి.

మీ సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్ థియరీ పరీక్ష 3 గంటలు, 70 మార్కులు. అంతా పెన్నుతో కాగితం మీదే. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద కోలన్ మర్చిపోతే ఎర్ర అక్షరాల్లో అదే చెప్తుంది. పరీక్ష హాల్లో అలా చెప్పేవాళ్లు ఉండరు. ప్రోగ్రామ్ రాసేదీ నువ్వే, నడిపేదీ నువ్వే, తప్పు పట్టుకునేదీ నువ్వే. కాబట్టి రివిజన్ కూడా ఆ వరసలోనే సాగాలి. పుస్తకం మూసి రాయి. రాసినదాన్ని చేత్తో నడుపు. ఆ తర్వాతే మెషిన్ మీద సరిచూసుకో. ఈ ఉత్తరంలో చెప్పేదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇది నాకు దెబ్బతిన్నాకే తెలిసింది. డిగ్రీలో పాస్కల్ పేపరుకి నలభై ప్రోగ్రాములు కంఠతా పట్టాను. అంకెల్ని చిన్నదాన్నుంచి పెద్దదానికి పేర్చే ప్రోగ్రామ్ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. పరీక్షలో పేర్లని అక్షరక్రమంలో పేర్చమన్నారు. పద్ధతి అదే, మారింది సరుకొక్కటే. అది తట్టక పావుగంట అలాగే కూర్చుని, ఆ ప్రశ్న వదిలేసి వచ్చాను. ఏ పంక్తి ఎందుకుందో నన్ను నేను ఒక్కసారైనా అడిగి ఉంటే ఆ రోజు చెయ్యి ఆగేది కాదు. నా పిల్లల్లో ఎవరికీ అలా జరగకూడదని అప్పటినుంచీ పట్టుదల.

రేపు పొద్దున్నే సిలబస్ ముందు పెట్టుకో. ఒక్కో అంశం పక్కన ఒక గుర్తు పెట్టు. పుస్తకం మూసి రాయగలిగితే టిక్కు, ఎవరైనా కాస్త అందిస్తే రాయగలిగితే చుక్క, అసలు రాకపోతే సున్నా. ఊహించి పెట్టకు, ఒక్కోదానికి ఐదు నిమిషాలు రాసి చూసి పెట్టు. టిక్కులున్నవాటి దగ్గరే మనసు తిరుగుతుంది, అక్కడ హాయిగా ఉంటుంది కనక. నీ సమయం పోవాల్సింది చుక్కలకీ సున్నాలకీ. ముందు చుక్కలు పట్టుకో, అవి కొద్ది శ్రమతోనే టిక్కులవుతాయి.

ఇక రోజువారీ లెక్క. ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు కూడా నీ నెత్తిమీదే ఉన్నాయని తెలుసు. కంప్యూటర్‌కి రోజుకో గంట చాలు, కానీ ఆ గంట తప్పకూడదు. 70 మార్కుల్లో ప్రోగ్రామింగ్‌కి 40, డేటాబేస్‌కి 20, నెట్‌వర్క్స్‌కి 10. వారంలో నీకున్నవి ఏడు గంటలు. నాలుగు రోజులు పైథాన్, రెండు రోజులు ఎస్‌క్యూఎల్, ఒక రోజు నెట్‌వర్క్స్ పెట్టుకుంటే మార్కుల లెక్కకి సరిగ్గా సరిపోతుంది. నాలుగు పైథాన్ రోజులూ వరసగా పెట్టకు, మధ్యమధ్యలో మిగతావి రానీ.

నేర్చుకున్నదాంట్లో చాలాభాగం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే జారిపోతుంది. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని ఈ సంగతి 1885లోనే పుస్తకంగా రాశాడు. అందుకని సోమవారం రాసిన స్టాక్ ప్రోగ్రామ్‌ని గురువారం చూడకుండా మళ్లీ రాయి. ఇంకో వారానికి ఒకసారి, సంక్రాంతి వెళ్లాక ఒకసారి రాయి. నాలుగోసారికి అది నీ సొంతమైపోతుంది.

పైథాన్‌లో అవుట్‌పుట్ ఎంతొస్తుందని అడిగే ప్రశ్నలకి ఒక అలవాటు చేసుకో. మార్జిన్‌లో చిన్న పట్టిక గీసి, ఒక్కో వేరియబుల్‌కి ఒక గడి ఇవ్వు. రేంజ్ బ్రాకెట్లో 2, 11, 3 ఇచ్చి, వచ్చిన అంకెల్ని మొత్తానికి కలుపుతూ పొమ్మన్నారనుకో. ఒక గడిలో 2, 5, 8 వస్తాయి, రెండో గడిలో 2, 7, 15. ఆగే సంఖ్య లెక్కలోకి రాదు కనక 11 చేరదు. మనసులో చేస్తే 26 అని రాసొచ్చేవాళ్లని ఎంతమందినో చూశాను. లిస్టుల దగ్గర కూడా జాగ్రత్త. 'ఎ' అనే లిస్టుని 'బి'కి సమానం అంటే కొత్త లిస్టు పుట్టదు, ఒకే ఇంటికి రెండు పేర్లు పెట్టినట్టు. 'బి'లో ఏం చేర్చినా 'ఎ'లోనూ కనిపిస్తుంది.

ఫైళ్ల దగ్గర పిల్లలు ఎక్కువగా తడబడతారు, కాబట్టి అక్కడ రెండు గంటలు ఎక్కువే పెట్టు. 'డబ్ల్యు' మోడ్‌లో తెరిస్తే పాత ఫైల్లో ఉన్నదంతా పోతుంది, 'ఎ' మోడ్ చివర్న చేరుస్తుంది. రీడ్ మొత్తాన్ని ఒకే స్ట్రింగ్‌గా ఇస్తుంది, రీడ్‌లైన్స్ లిస్టుగా ఇస్తుంది. సీఎస్‌వీ రీడర్ అంకెల్ని కూడా మామూలుగా స్ట్రింగ్‌లుగానే అందిస్తుంది. 45, 50 మార్కులు కలపమంటే 95 బదులు 4550 వచ్చేది అందుకే. ఇంట్‌లోకి మార్చాకే కలపాలి. టెక్స్ట్, బైనరీ, సీఎస్‌వీ మూడింటికీ తెరవడం, రాయడం, చదవడం, వెతకడం పక్కపక్క గడుల్లో పెట్టి ఒకే పేజీలో రాసుకో. ఆ పేజీ నీ చేత్తోనే తయారవ్వాలి, ఎవరి నోట్సూ జిరాక్స్ తీయించకు.

ఎస్‌క్యూఎల్ 20 మార్కులు పూర్తిగా చేతికొచ్చేవి. వేర్ అనేది గుంపులు కట్టకముందు వరసల్ని వడపోస్తుంది, హ్యావింగ్ గుంపులు కట్టాక వడపోస్తుంది. పదిమంది ఉద్యోగుల్లో ముగ్గురి ఫోన్ నంబర్ నల్‌గా ఉంటే కౌంట్ స్టార్ 10 చెప్తుంది, ఫోన్ కాలమ్ కౌంట్ 7 చెప్తుంది. 5 వరసలు, 3 కాలమ్‌లున్న పట్టికని 4 వరసలు, 2 కాలమ్‌లున్న పట్టికతో కార్టీసియన్ ప్రోడక్ట్ చేస్తే వరసలు 20, కాలమ్‌లు 5. వరసల్ని గుణిస్తాం, కాలమ్‌లని కలుపుతాం. క్వెరీ రాసి ఊరుకోకు, దాని ఫలితం పట్టిక కూడా చేత్తో గియ్యి. పైథాన్‌నుంచి డేటాబేస్‌లో ఏదైనా చేర్చినా, మార్చినా కమిట్ రాయడం మరువకు.

నెట్‌వర్క్స్‌లో భవనాల పటం ఇచ్చి అడిగే 5 మార్కుల ప్రశ్న దాదాపు ఒకే తీరుగా వస్తుంది. ఎక్కువ కంప్యూటర్లున్న భవనంలో సర్వర్, ప్రతి భవనంలో స్విచ్, దూరం ఎక్కువైన చోట రిపీటర్. ప్రతి జవాబు పక్కన కారణం ఒక్క వాక్యంలో రాయి.

ప్రాక్టికల్స్ 30 మార్కుల్ని తేలిగ్గా తీసుకోకు. ల్యాబ్ టెస్టుకి 12, రికార్డుకి 7, ప్రాజెక్టుకి 8, వైవాకి 3. రికార్డులో ఉండాల్సిన పదిహేను పైథాన్ ప్రోగ్రాములూ థియరీకి కూడా పనికొస్తాయి, వాటిని స్నేహితురాలి రికార్డు చూసి ఎక్కిస్తే రెండు చోట్లా నష్టపోతావు. ప్రాజెక్టులో నువ్వు వివరించలేని పంక్తి ఒక్కటి కూడా ఉండకూడదు.

ఒక పొడుగు నోటుబుక్కు తీసి దాని మీద 'తప్పులు' అని రాసుకో. మెషిన్ మీద సరిచూసినప్పుడు దొరికిన ప్రతి తప్పూ తేదీతో సహా అందులోకి ఎక్కాలి. ఒక సమానం గుర్తు చాలనుకుని రెండు పెట్టాల్సిన చోట ఒకటే పెట్టావా, ఇండెంట్ తప్పిందా, ఖాళీ స్టాక్‌ని చూసుకోకుండా పాప్ చేశావా. నెల తిరిగేసరికి నీ తప్పులు ఏడెనిమిది రకాలేనని, అవే తిరిగితిరిగి వస్తున్నాయని తెలుస్తుంది. తెలిసిన దొంగని పట్టుకోవడం కష్టం కాదు.

జనవరి నెలాఖరుకి ఒక చుట్టు పూర్తయ్యాక ఆదివారాలు మాదిరి ప్రశ్నపత్రాలు మొదలుపెట్టు. సీబీఎస్‌ఈ ఏటా ఒకటి, దాంతో పాటు మార్కులు వేసే పద్ధతీ ఇస్తుంది. అసలు పరీక్షలాగే పొద్దున 10:30కి కూర్చుని 1:30కి లే. 180 నిమిషాలకి 70 మార్కులంటే మార్కుకి రెండున్నర నిమిషాలు. ఒక మార్కు ప్రశ్నలు 21 ఉంటాయి, వాటిని నలభై నిమిషాల్లో ముగిస్తే చివర్లో చూసుకోడానికి సమయం మిగులుతుంది. పరీక్ష ముందురోజు తప్పుల పుస్తకం, ఫైళ్ల పేజీ తప్ప ఇంకేదీ తెరవకు. రాత్రి పదింటికల్లా పడుకో.

సంక్రాంతి మూడు రోజులూ పుస్తకాలు ముట్టుకోవద్దు. గుంటూరు వచ్చెయ్యి. ఈసారి మా వాకిట్లో ముగ్గు మీ అమ్మ వెయ్యదు, నువ్వే వెయ్యాలి. వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తీసుకురా. తప్పుల్లేని పేజీలు నాకు చూపించక్కర్లేదు. కొట్టివేతలతో నిండిన పేజీలే కావాలి, వాటి ముందు ఇద్దరం కూర్చుందాం.

ప్రేమతో,
నీ పెద్దమ్మ