రేవులేని తీరము – కోరమండల్

కృష్ణా ముఖద్వారము నుండి దక్షిణమున కోడిక్కరై వరకు గల తూర్పుతీరమును కోరమండల్ తీరమందురు. నదులు తెచ్చిన ఒండ్రుతోను, ఇసుకతోను ఏర్పడిన ఈ తీరము చాలవరకు తిన్నగా నుండును. ఒడ్డున లోతు తక్కువ. ముంబయివలె ఓడలకు మరుగునిచ్చు లోతైన సహజ రేవు ఇచ్చట లేదు.

శీతోష్ణస్థితియు నావికులకు అనుకూలము కాదు. నైరుతి ఋతుపవనములు పడమటి కనుమలపైననే విశేషముగా వర్షించుటచే, ఇచ్చట అధికవర్షము అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వలన కలుగును. తుపానుల ఉద్ధృతియు ఆ మాసములలోనే హెచ్చు.

పూర్వము మద్రాసు (నేటి చెన్నై) వద్ద ఓడలు దూరముగా లంగరు వేసెడివి. మేకులు లేక కొబ్బరితాళ్లతో కుట్టిన మసులా పడవలు అలల తాకిడికి పగులక వంగుచు, సరకులను, ప్రయాణికులను ఒడ్డు చేర్చెడివి. 1875లో కృత్రిమ రేవునకు శంకుస్థాపన జరిగెను. 1881 నాటి తుపాను ఆ గోడలలో పెద్దభాగమును కూల్చెను. మరల కట్టిరి.

అయితే సంవత్సరములో ఎక్కువకాలము అలలు ఇసుకను ఉత్తరమునకు నడుపును. రేవుగోడ దానిని అడ్డగింపగా దక్షిణమున మెరీనా విశాలమయ్యెను. ఉత్తరమున రాయపురం వైపు ఇసుక చేరక ఒడ్డు కోతపడి, జాలరుల ఇండ్లు కడలిపాలయ్యెను. అచ్చట నేడు రాతికట్టలు వేసి తీరమును కాపాడుచున్నారు. కావున రేవు కట్టుటకు పూర్వమే ఇసుక నడకను గణింపవలెను. లేనిచో లాభము ఒకరిది, నష్టము పొరుగు పల్లెవారిది యగును.