పాత కారును పరీక్షించు విధము

మన కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల సంతలలో ఎద్దును కొనువారు కొమ్ముల రంగునకు మురియక పండ్లు పట్టి చూతురు. వేలమునకు వచ్చిన పాత కారునుగూడ మన మట్లే పరీక్షింపవలెను. చాసిస్ అనెడి అడుగు చట్రముపైనను, ఇంజనుపైనను గల సంఖ్యలు తయారీ పత్రములతో సరిపోవుచున్నవా, పైకట్టడము తొలినాటిదేనా యని విచారింతము.

హైదరాబాదు ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కోరగా 1912లో సిద్ధమైన సింహాసనపు రోల్స్‌రాయిస్ కారునకు బార్కరు సంస్థ పైకట్టడము చేసెను. అట్టి సింహాసనమునే నేడు వేఱొక చట్రముపై నిలిపినచో చూపునకు సాటి యగునేమో గాని, ఆ కారు కానేరదు.

50 ఏండ్లు దాటిన సొంత బండిని వింటేజిగా నమోదు చేయుటకు చట్రము, పైకట్టడము, ఇంజను మార్పు నొంది యుండరాదని 2021 నాటి కేంద్ర నియమములు చెప్పుచున్నవి.

విద్యార్థులారా, పాడైన భాగమును మార్చుట తప్పుగాదు. మార్చితినని చెప్పినచో వెల కొంత తగ్గును; దాచినచో కొన్నవాడు మోసపోవును.