గుర్తించనంత మాత్రాన లేనట్లేనా?



తైవాన్ జామకాయలు నేడు మన బజార్లలో అందరికీ తెలిసినవే. కాని ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల జాబితాలో తైవాన్ పేరు కనిపించదు. అక్కడ దాదాపు 2 కోట్ల 30 లక్షల మంది ప్రజలున్నారు. వారికి సొంత నాణెం, సైన్యం, న్యాయస్థానాలు, పాస్‌పోర్టు కలవు. 1996 నుండి తమ అధ్యక్షుని తామే ఓటు వేసి ఎన్నుకొంటున్నారు. అయినను 2024 జనవరిలో నౌరు దేశం తప్పుకొన్న తరువాత, తైవాన్‌తో పూర్తి దౌత్య సంబంధాలు గల రాజ్యాలు 12 మాత్రమే మిగిలాయి. వాటిలో ఐరోపా ఖండం మొత్తానికి ఉన్నది ఒక్కటే. అది మన పవిత్ర పీఠం.

ఇది విన్న కతోలికునికి రెండు సందేహాలు కలగటం సహజం. పెద్ద దేశాలన్నీ చైనా పక్షాన ఉండగా జగద్గురువులు తైవాన్‌తో ఎందుకున్నారు? చైనాలోని విశ్వాసుల మేలు కోసం ఆ సంబంధాన్ని వదులుకోవచ్చునా?

జరిగిన చరిత్ర

పవిత్ర పీఠానికీ చైనా రిపబ్లిక్‌కూ దౌత్య సంబంధాలు ఏర్పడినది 1942లో. అప్పటికి తైవాన్ జపాను ఏలుబడిలో ఉన్నది. 1895 నుండి 1945 వరకు ఆ ద్వీపం జపాను వారిదే. 1949లో చైనాలో కమ్యూనిస్టులు గెలువగా, ఓడిన ప్రభుత్వం తైవాన్ చేరి తైపే నగరంలో స్థిరపడినది. జగద్గురువుల రాయబారి ఆంటోనియో రిబెరి మేత్రాణులు మాత్రం ప్రభుత్వం వెంట పోక నాన్‌కింగ్‌లోనే తన మంద వద్ద నిలిచారు. 1951లో కొత్త ప్రభుత్వమే వారిని దేశం నుండి బహిష్కరించినది. హాంకాంగ్ మీదుగా 1952లో వారు తైపే చేరారు.

ఇందులో ఒక సంగతి గమనించండి. శ్రీసభ చైనాను కాదని తైవాన్‌ను ఎంచుకోలేదు. ఒక తలుపు మూయబడినది, తెరచియున్న తలుపు వద్ద రాయబారి నిలిచారు. నేటికీ తైపేలోని ఆ రాయబార కార్యాలయం పేరు చైనా పేరు మీదనే ఉన్నది.

1971 అక్టోబరు 25న ఐక్యరాజ్యసమితి చైనా స్థానాన్ని బీజింగ్ ప్రభుత్వానికి ఇచ్చినది. అమెరికా కూడా 1979లో బీజింగ్ వైపు మారినది. తైవాన్ తన దేశంలో భాగమని బీజింగ్ వాదన. కనుక తనతో సంబంధం కోరే రాజ్యం తైపేతో దౌత్యం తెంచుకోవాలని షరతు పెడుతుంది. భారతదేశం బీజింగ్‌నే గుర్తించినది. అయితే 1995 నుండి తైపేతో రాయబార హోదా లేని కార్యాలయాల ద్వారా వ్యవహారాలు నడుపుతున్నది.

గుర్తింపు అంటే ఏమిటి?

ఒక వస్తువు ఉండటం వేరు, అది ఉందని మన బుద్ధి ఒప్పుకోవటం వేరు. ఇది తత్వశాస్త్రంలో తొలి పాఠం. మన విచారణ కార్యాలయంలోని జ్ఞానస్నానపు రిజిస్టరును తీసుకోండి. ప్రాణాపాయంలో ఉన్న పసిబిడ్డకు ఆసుపత్రిలో నర్సు సక్రమంగా జ్ఞానస్నానం ఇచ్చినదనుకొందాం. పేరు పుస్తకంలో ఎక్కకపోయినా ఆ బిడ్డ దేవుని బిడ్డే. రిజిస్టరు జ్ఞానస్నానాన్ని కలిగించదు, దానికి సాక్ష్యం చెబుతుంది. అయితే పేరు లేనప్పుడు పెండ్లినాడు ఎంత తిప్పలో మీకు తెలుసు!

రాజ్యాల విషయమూ ఇటువంటిదే. 1933 నాటి మాంటెవిడియో ఒప్పందం రాజ్యానికి నాలుగు లక్షణాలు చెప్పినది: స్థిరమైన ప్రజలు, నిర్ణీత భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో వ్యవహరించే శక్తి. రాజ్యం ఉనికి ఇతరుల గుర్తింపుపై ఆధారపడదని కూడా చెప్పినది. కాని ఇతరులు గుర్తిస్తేనే రాజ్యం అవుతుందని వాదించే న్యాయవేత్తలూ ఉన్నారు. పైగా ఇక్కడ ఆ ప్రజలపై హక్కు నాదని మరొకరు అంటున్నారు. కనుక మన పోలిక అంతవరకే సరిపోతుంది.

గుర్తింపు లేని తిప్పలు మాత్రం నిజమైనవి. ఒలింపిక్స్‌లో తైవాన్ క్రీడాకారులు తమ జెండా పట్టరాదు. చైనీస్ తైపే అనే పేరుతో ఆడాలి. 2009 నుండి 2016 వరకు ప్రపంచ ఆరోగ్య సభలో పరిశీలకునిగా కూర్చున్న తైవాన్‌కు 2017 నుండి ఆహ్వానం ఆగినది. రోగాలకు సరిహద్దు లేకపోయినా కుర్చీకి ఉన్నది!

ఈ బాధ శ్రీసభకు కొత్త కాదు. 1870లో రోము నగరం చేజారినది మొదలు 1929 లాటెరన్ ఒప్పందం వరకు, 59 సంవత్సరాలు, జగద్గురువులకు సొంత రాజ్యం లేదు. అయినను వారు రాయబారులను పంపారు, స్వీకరించారు. పటం మీద చోటు లేకున్నా ఒక వ్యక్తిత్వం నిలిచి ఉండగలదని మనకు అనుభవమే.

ఇద్దరు బిడ్డల తల్లి

ఇక రెండవ సందేహం. తైవాన్‌లో కతోలికులు కొద్దిమందే, మేత్రాసనాలు ఏడు. చైనాలో విశ్వాసులు కోటి మంది వరకు ఉంటారని అంచనా. మేత్రాణుల నియామకం గురించి 2018 సెప్టెంబరు 22న పవిత్ర పీఠం బీజింగ్‌తో తాత్కాలిక ఒప్పందం చేసుకొన్నది. 2020లో, 2022లో, 2024లో దానిని పొడిగించారు. అది దౌత్య ఒప్పందం కాదు. అయినా తైవాన్ విశ్వాసులకు గుబులు కలిగినది. వారి భయం అకారణం కాదు. 1971 తరువాత తైపేలో రాయబారి స్థానంలో తాత్కాలిక బాధ్యుడే ఉంటున్నారు. బీజింగ్ అంగీకరిస్తే కార్యాలయాన్ని అక్కడికి మార్చటానికి సిద్ధమని 1999లో కార్డినల్ సొదానో బహిరంగంగానే చెప్పారు.

తప్పిపోయిన గొఱ్ఱె కోసం కాపరి పోవటం న్యాయమే. కాని మిగిలిన మందను సంతలో అమ్మి పోతే అది కాపరితనం కాదు. చైనాలో మేత్రాణులు లేక మంద చెదరకుండా చూడటం జగద్గురువుల ధర్మం. తమ పాలకులను తామే ఎన్నుకొనే ప్రజలను లేనివారుగా చూడకపోవటం సత్యధర్మం. తల్లి ఒక బిడ్డకు అన్నం పెట్టటానికి రెండవ బిడ్డ తనకు పుట్టలేదని చెప్పజాలదు. రేపు దౌత్య కార్యాలయం ఎక్కడికి మారినా, తైవాన్ ప్రజలున్నారనే సాక్ష్యం మారరాదని నా మనవి. గుర్తింపు బలవంతులకిచ్చే బహుమతి కాదు, అది సాక్ష్యం. సాక్షి ఎదుటివాని బలం చూసి మాట మార్చరాదు.

చైనా ప్రజలను ద్వేషించమని దీని అర్థం కాదు. అక్కడి విశ్వాసులు ఎంతో కష్టంలో విశ్వాసం నిలుపుకొన్నారు. ఈ వారం కుటుంబ జపమాలలో ఒక పదిని ఇరుతీరాల వారి కొరకు సమర్పించండి.

ఇంట మాట్లాడుకొనుటకు

1. మన ఊరిలో, మన విచారణలో ఉండి కూడా లేనట్లుగా మనం చూసేవారు ఎవరు?
2. బలవంతుని మెప్పు కోసం తెలిసిన నిజాన్ని దాచిన సందర్భం మన ఇంట కలదా?
3. ఒకరికి మేలు చేయబోయి మరొకరిని వదలివేయవలసి వస్తే, ఏది వదులుకోవచ్చును, ఏది వదులుకోరాదు?