మార్పునకు ముందు నకలు



ఇంటనున్న పాత కంప్యూటరును అప్‌డేటు చేయవలసి వచ్చినప్పుడు, అందలి ఫైళ్లు పోవునేమోయని మనము భయపడుచున్నాము. గతించిన తల్లి ఫోటో ఆ యొక్క యంత్రములోనే యున్నయెడల, పోయినది మరల రాదు గదా! ఈ భయము నిష్కారణమైనది కాదు. 2018 అక్టోబరులో విడుదలైన విండోస్ 10 అప్‌డేటు వలన కొందరి ఫైళ్లు చెరిగిపోయెను. మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని కొన్ని దినములలోనే నిలిపివేసి, సవరించి, నవంబరులో మరల విడుదల చేసెను.

అయినను భయపడి ఊరకుండుటయు క్షేమము కాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసెను. కాబట్టి మూడు సంగతులు గమనింతము.

మొదటిది, నకలు. ముఖ్యమైనవాటిని పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, మరియొక కంప్యూటరులో తెరచి చూడవలెను. తెరచి చూడని నకలును నమ్మరాదు. తరువాత దానిని తీసి వేరుగా ఉంచవలెను.

రెండవది, యోగ్యత. విండోస్ 11కు కనీసము 4 జీబీ ర్యాము, 64 జీబీ నిల్వస్థలము, టీపీఎం 2.0 అను రక్షణ సాధనము కావలెను. పాత యంత్రములు అనేకము ఇందుకు చాలవు.

మూడవది, ఎంపిక. ఏమి ఉంచవలెనని యంత్రము అడిగినప్పుడు, సొంత ఫైళ్లను, ప్రోగ్రాములను ఉంచుమను దానినే ఎన్నుకొనవలెను.

విత్తనములను వేరు కుండలో దాచుకొనిన రైతు, గాదెకు పురుగు పట్టినను ఏరువాకనాడు దిగులుపడడు. మనమును ఆలాగే చేయుదము.