ఫోనులోని నోటీసు - పెద్దల కన్నులు

వీరపునాయునిపల్లె మండలములోని ఒక గ్రామమునకు మేము పోయినప్పుడు, అరువది యేండ్లు దాటిన పంచాయతీ సభ్యులొకరు వాట్సాప్‌లో వచ్చిన నోటీసును తెరచి, ఫోనును చేతిపొడవునకు జరిపి, మరల దగ్గరకు తెచ్చి, తుదకు మనుమని చేత చదివించుకొనిరి. బాలుడు చివరి పంక్తిని విడిచెను. ఇండ్ల స్థలముల జాబితాపై అభ్యంతరములకు గడువు ఆ పంక్తిలోనే ఉన్నది. గడువు మరునాడే. "సదువు మర్చిపోయినట్టుండాది సారూ" అని ఆయన సిగ్గుపడిరి.

అది చదువు మరచుట కాదు, చత్వారము. నలువది దాటిన పిమ్మట కంటిలోని కటకము గట్టిపడి, దగ్గరి వస్తువుపై చూపు నిలుచుట కష్టమగును. వయస్సుతో కటకము పసుపువన్నె తిరుగును, కనుపాప చిన్నదగును. ఇరువది యేండ్ల కంటిలోనికి పోవు వెలుతురులో సుమారు మూడవవంతు మాత్రమే అరువది యేండ్ల కంటికి అందును. మన లిపికి ఈ చిక్కు మరింత ఎక్కువ. ద, ధలకు భేదము అడుగునున్న చిన్న గీతయే. వత్తులు అక్షరము కంటె చిన్నవి. ఇంగ్లీషు అక్షరములకు చాలిన కొలత తెలుగునకు చాలదు.

ఆండ్రాయిడ్ ఫోనులలో సెట్టింగ్స్ తెరచి, డిస్‌ప్లే అను భాగమున ఫాంట్ సైజును పెంచవచ్చును. కొన్ని ఫోనులలో ఇది వేరొక చోట ఉండును. ఎండలో చదువునప్పుడు తెర వెలుతురు హెచ్చించుకొనవలెను.

మేము ఆయన ఫోనులో ఈ మార్పు చేసితిమి. ఇతర సందేశములన్నియు పెద్దవైనవి. నోటీసు మాత్రము మారలేదు. ఏలయన అది కాగితమునకు తీసిన ఫొటో. సంతకము, ముద్ర వేసిన కాగితమును ఫొటో తీసి పంపుట మన పంచాయతీలలో వాడుక. ఫొటోలోని అక్షరమునకు ఫాంట్ సైజు వర్తించదు. వ్రేళ్ళతో సాగదీసినచో పంక్తి తెర అంచు దాటును. కుడికి, ఎడమకు జరుపుకొనుచు పోవు పెద్దవారు సగములో విసిగి మానుదురు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో ప్రకటించిన నియమములు సాధ్యమైనంతవరకు అక్షరమును బొమ్మగా పెట్టవలదనియే చెప్పుచున్నవి. మామూలు అక్షరమునకు, దాని వెనుకరంగునకు కాంతి భేదము కనీసము 4.5కు 1గా ఉండవలెననియు అందు కలదు. లేతపసుపుపై తెల్లని అక్షరములు ఈ పరీక్షకు నిలువవు. మావంటి ప్రచారకుల కరపత్రములలోను ఈ దోషము లేకపోలేదు.

కావున ముద్ర గల ఫొటోను పంపినను, దానితోపాటు విషయమును టైపు చేసి పంపవలెను. తేదీ, గడువు మొదటి పంక్తిలో ఉండవలెను. టైపు చేసిన దానిని ఫోను చేత బిగ్గరగా చదివించుకొనుటకును వీలు కలదు.

అక్షరము పెంచినను మసక పోనిచో, దీపము చుట్టును వలయములు కనబడినచో, ఫోనును నమ్ముకొని కూర్చుండరాదు. అది శుక్లము కావచ్చును. మధుమేహము గలవారు చూపు బాగున్నను ఏటేట కన్నులు పరీక్ష చేయించుకొనవలెను.

ఆ సాయంకాలమే కార్యదర్శి నోటీసును టైపు చేసి మరల పంపిరి. సభ్యులు అరుగుపై కూర్చుండి తామే చదువుకొని, మరునాటి ఉదయము అభ్యంతర పత్రమును పంచాయతీ కార్యాలయమున అందజేసిరి.