‘దక్కావులే’ అనకే చెల్లీ!

ఏమే, పనంతా తెమిలిందా? కాఫీ పట్టుకొచ్చి ఇలా కూర్చో. ఓ సినిమా ముచ్చట చెప్పాలి.

మొన్న ఆదివారం మా పక్కింటి కన్నడ ఆంటీ పట్టుబట్టి ‘ముత్తిన హార’ చూపించింది. 1990లో రాజేంద్రసింగ్ బాబు తీసిన సినిమా. ఉత్తమ కన్నడ చిత్రంగా జాతీయ అవార్డు కొట్టింది. కొడగు సిపాయిగా విష్ణువర్ధన్, నర్సుగా సుహాసిని. హంసలేఖ కట్టిన పాట బాలమురళీకృష్ణ గొంతులో వినపడగానే ‘అరె, మనాయనే!’ అని మురిసిపోయాను. ఆ మురిపెం ఎంతసేపు? యుద్ధం వాళ్ల కొడుకుని పొట్టనబెట్టుకుంది. తండ్రి దేశానికి కాపలా, తల్లి గాయాలకు కట్లు కట్టే మనిషి. సొంత బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఇద్దరి చేతులూ ఖాళీ.

నాకు మా ఊరి రంగం మామ్మ గుర్తొచ్చింది. మనవాళ్లు రంగం అనే రంగూన్ మీద 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి కదా. రేవులో మూటలు మోసే మన తెలుగువాళ్లెందరో పోయారు. మిగిలినవాళ్లలో వేలమంది కొండలూ అడవులూ పట్టుకుని కాలినడకన ఇటు బయల్దేరారు. ఆకలి, కలరా, మలేరియా... దారిలో రాలిపోయినవాళ్లెందరో! వాళ్లతో నడిచిన మామ్మ ఇల్లు చేరింది. చంకనెత్తుకున్న చెల్లెలు చేరలేదు.

‘నువ్వన్నా దక్కావు, అదే పదివేలు’ అనేవారు అందరూ. ఆ మాట వినపడితే మామ్మ కంచం ముందునుంచి లేచిపోయేది. మొండిఘటం అనుకునేవాళ్లం. ఒక్కసారి మాత్రం అంది: ‘దాని వంతు గంజి కూడా నేనే తాగానర్రా.’

ఇప్పుడూ ఉన్నారే ఇలాంటివాళ్లు. కోవిడ్‌లో భర్త పోయి తను లేచొచ్చిన ఇల్లాలు, ప్రమాదంలో స్నేహితుణ్ని పోగొట్టుకున్న కుర్రాడు. ‘అదృష్టవంతులు’ అనకు, ‘మర్చిపో’ అనకు. పోయినవాళ్ల గురించి అడుగు, చెప్పనీ. నిద్ర పట్టక, అదే కల వెంటాడుతుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. మన బెంగళూరులో మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఉంది. ఊళ్లో ఉన్నవాళ్లకి ఫోన్‌లో సాయానికి 14416 ఉంది, టెలిమానస్. 2022లో మొదలైంది. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మామ్మకి అవేవీ లేవు. పక్కన కూర్చుని అడగడానికి మేం ఉన్నాం కదా, మేమూ అడగలేదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ చెల్లెలి పేరేమిటో మాలో ఒక్కరికీ తెలియదే.